సౌండ్ రాని హాట్ టబ్ కావాలి, కిటికీ పక్కనే అమ్మ పడుకుంటుంది. ఏది తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి?

నడుంనొప్పి

అందరికీ నమస్తే అండి. చాన్నాళ్ల నుంచి ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, పొడుగైతే ఏమనుకోవద్దు.

రోజంతా కుర్చీలో పని, నడుం పట్టేస్తోంది. వేడినీళ్లల్లో కాసేపు కూర్చుంటే హాయిగా ఉంటుందని ఇంట్లో హాట్ టబ్ పెట్టిద్దాం అనుకుంటున్నా, అదే మనోళ్లంతా జాకూజీ అంటారే అది. ముగ్గురో నలుగురో కూర్చునేది చాలు. నేను వాడేది మాత్రం రాత్రి పది దాటాకే, అంతకుముందు నాకు కుదరదు. చిక్కంతా ఇక్కడే. ఇంటి వెనక ఉన్న ఖాళీ స్థలం మీదకే అమ్మ గది కిటికీ తెరుచుకుంటుంది, ఇటువైపు కాంపౌండ్ గోడ దాటగానే పక్కింటోళ్ల బెడ్‌రూం. అమ్మకి ఫ్యాన్ కిర్రుమన్నా నిద్ర పట్టదు.

పోయిన నెల ఫ్రెండ్ వాళ్లింట్లో గాలి నింపే రకం టబ్ చూశా. బబుల్స్ బటన్ నొక్కాడో లేదో వ్యాక్యూమ్ క్లీనర్ చెవిలో పెట్టినట్టు మోత, ఎదురుగా కూర్చున్నోడితో మాట్లాడాలంటే అరవాల్సొచ్చింది. షోరూముల్లో అడిగితే ప్రతివాడూ మాది సైలెంట్ సార్ అనేవాడే. ఒక బ్రోషర్లో 50 డెసిబెల్స్ అని ఉంది, ఇంకోదాంట్లో 60 అని ఉంది, ఎక్కడ నిలబడి కొలిచారో ఎవడూ రాయలేదు.

ఇంతకీ నా డౌట్లు ఏంటంటే, గాలి రకం వదిలేసి గట్టి రకానికి పోతే నిజంగా సౌండ్ తగ్గుతుందా, కింద కాకుండా మేడ మీద పెడితే అమ్మకి దూరమవుతుంది కదా అది మంచిదేనా, లేకపోతే ఏదైనా కొనేసి మోటారు చుట్టూ సౌండ్‌ప్రూఫ్ డబ్బా కట్టించుకుంటే సరిపోతుందా. అనుభవం ఉన్నోళ్లు కాస్త చెప్పండి.

---

పాతమోటారు

తమ్ముడూ, పంపుల రిపేరు మీదే చాలా ఏళ్లు గడిపినోణ్ణి, టబ్బులు కూడా బానే విప్పా. అందరూ చేసే తప్పే నువ్వూ చేస్తున్నావ్. జెట్లు, అంటే నీళ్లు జోరుగా కొట్టే గొట్టాలు, ఎంత మోత అని చూస్తున్నావ్. జెట్లు నడిచేది నువ్వు లోపల ఉన్న ఆ ఇరవై నిమిషాలే, అది నీ చేతిలో బటన్. మీ అమ్మగారి నిద్ర పాడుచేసేది అది కాదు, నువ్వు తుడుచుకుని వెళ్లి పడుకున్నాక కూడా దానంతటదే ఆన్ అయ్యే చిన్న సౌండ్. టబ్బు నీళ్లు వేడిగా ఉంచుకోవాలి, ఫిల్టర్ చేసుకోవాలి, దానికి రోజులో చాలా గంటలు ఏదో ఒక పంపు తిరుగుతూనే ఉండాలి. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సింది ఒకటే, అర్ధరాత్రి రెండింటికి ఇందులో ఏం తిరుగుతుంటుంది?

దీనికి మూడు రకాల జవాబులు వస్తయ్. గాలి రకం టబ్బుల్లో పక్కన గుడ్డులాంటి యూనిట్ ఉంటుంది చూడు, అందులోనే చిన్న నీళ్ల పంపు, హీటరు, బ్లోయరు అన్నీ కలిపి కుక్కేస్తారు. నువ్వు విన్న మోత బ్లోయర్‌ది, అది బయట గాలి పీల్చి నీళ్లల్లోకి కొడుతుంది, ఆ గాలి చల్లగా ఉంటే నీళ్లు కూడా చల్లారిపోతయ్. నిజానికి బ్లోయర్ ఆపేస్తే ఆ టబ్బులు అంత రణగొణగా ఏం ఉండవు. బాధేంటంటే గోడలు పల్చన, వేడి ఆగదు, హీటరు మాటిమాటికీ ఆన్ అవుద్ది, హీటర్‌తో పాటు పంపూ తిరుగుద్ది.

గట్టి రకంలో, అంటే అక్రిలిక్ తొట్టి ఉన్నవాటిలో, కొన్నిటికి ఒకటే పెద్ద పంపు ఉంటుంది రెండు స్పీడులతో, హై స్పీడు జెట్లకి లో స్పీడు ఫిల్టర్‌కి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట హై అంటే నిమిషానికి 2900 చుట్ల దరిదాపుల్లో తిరుగుద్ది, లో అంటే 1450 దరిదాపుల్లో. చుట్లు సగమైతే పంపు లాగే పవర్ సగం కాదు ఇంచుమించు ఎనిమిదో వంతుకి పడిపోద్ది, అందుకే లో స్పీడులో అంత నెమ్మదిగా ఉంటుంది. ఇంకొన్నిటికి జెట్ల పంపు వేరే, సర్క్యులేషన్‌కి, అంటే ఫిల్టర్ లోంచి నీళ్లు తిప్పడానికి, బుల్లి పంపు వేరే. ఆ బుల్లిది 24 గంటలూ తిరిగినా మూత వేసి ఉంటే పక్కన నిలబడి చెవి పెట్టి వినాలి. నీకు కావాల్సింది ఆ రకం. బ్రోషర్లో సైలెంట్ అన్న మాట కోసం కాదు, సర్క్యులేషన్ పంపు విడిగా ఉందా లేదా అని చూడు.

షోరూంలో నీళ్లు నింపి నడుస్తున్న పీస్ ఉంటేనే మాట్లాడు, ఎండు టబ్బు చూసి కొనకు. జెట్లు ఆపించు, మూత వేయించు, ఫిల్టర్ మీద పెట్టమను. ఆ పక్కన ప్యానెల్ మీద అరచేయి ఆనించి చూడు. చేతికి జుమ్ముమని తగిలిందంటే రేపు అదే మీ అమ్మగారి గోడకి తగుల్తుంది. ఇంకో సంగతి, జెట్ల దగ్గర పైన తిప్పే నాబ్‌లు ఉంటయ్, అవి గాలి కలిపేవి. అవి మూసేస్తే నీళ్లు మాత్రమే కొడుతుంది, సౌండ్ సగానికి సగం తగ్గినట్టే అనిపిస్తుంది, నీళ్లు కూడా తొందరగా చల్లారవు. వాడటం అయిపోయాక అవి తెరిచి వదిలేసేవాళ్లే ఎక్కువ.

---

లెక్కలపిచ్చి

పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను అంకెల సంగతి చెప్తా, ఎందుకంటే ఆ రెండు బ్రోషర్లు చూసి 50 ఉన్నదే బెస్ట్ అని కొనేసేలా ఉన్నారు మీరు.

డెసిబెల్ మామూలు లెక్క కాదు. 10 పెరిగితే మన చెవికి దాదాపు రెట్టింపు సౌండ్‌లా వినిపిస్తుంది. ఖాళీ మైదానంలో అయితే దూరం రెట్టింపు అయినప్పుడల్లా 6 తగ్గుతుంది. అంటే ఒకడు మీటరు దూరంలో కొలిచి 60 అని రాశాడు, ఇంకోడు మూడు మీటర్ల అవతల నిలబడి 50 అని రాశాడు అనుకోండి, అవి రెండూ ఇంచుమించు ఒకటే మోత! దూరం రాయని డెసిబెల్ అంకెకి విలువ లేదు. ఇంకోటి, ఏ స్పీడు మీద కొలిచారు, మూత ఉందా లేదా, ఇవి కూడా అడగాలి.

మీ పెరడు మైదానం కాదు కదా, ఇటు ఇంటి గోడ అటు కాంపౌండ్ గోడ, సౌండ్ వాటికి తగిలి తిరిగొస్తుంది కాబట్టి లెక్క ప్రకారం తగ్గాల్సినంత తగ్గదు. రెండు గోడలు కలిసే మూలలో మాత్రం అస్సలు పెట్టొద్దు, మూల అంటే మైకు సెట్టుకి పెట్టే గొట్టం లాంటిదే, ఉన్న సౌండ్‌ని పోగేసి ముందుకి తోస్తుంది.

ఎంత ఉంటే పర్లేదు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో నిద్ర చెడకుండా ఉండాలంటే బెడ్‌రూం లోపల ఆగకుండా వచ్చే సౌండ్ 30 డెసిబెల్స్ దాటకూడదని ఉంది, 2009లో యూరప్ కోసం ఇచ్చినదాంట్లో రాత్రిపూట ఇంటి బయట సగటు 40 అన్నారు. ముందు మీరు ఒక పని చేయండి. రాత్రి పదకొండింటికి అమ్మ మంచం దగ్గర ఫోన్ పెట్టి ఏదో ఒక సౌండ్ మీటర్ యాప్‌తో ఇప్పుడెంత ఉందో చూడండి. ఫోన్ చూపించే అంకె కరెక్టుగా ఉండదు గానీ అదే ఫోను అదే చోట పెట్టి ముందు, తర్వాత కొలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది, మనకి కావాల్సిందే అది.

మేడ మీద ఐడియా ఉంది చూశారూ, దాన్ని ఇంజినీరు చూడకుండా ముట్టుకోవద్దు. నలుగురు పట్టే టబ్ అంటే 1200 లీటర్లు అనుకుందాం, అంటే నీళ్లే 1200 కిలోలు. తొట్టి ఇంకో 300, మనుషులు నలుగురు కలిపి ఇంకో 300. మొత్తం 1800 కిలోలు. అది రెండు మీటర్లు బై రెండు మీటర్ల చోట కూర్చుంటే చదరపు మీటరుకి 450 కిలోలు. ఇళ్ల స్లాబులు మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల దగ్గర్లో లెక్కేసి కడతారు. చూడ్డానికి స్లాబ్ ఏమీ అవ్వనట్టే ఉంటుంది, కొన్నాళ్లకి కింద సీలింగ్‌కి పగుళ్లు మొదలవుతాయి. పైగా మీ అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది, మోటారు వణుకు స్లాబులోంచి స్తంభాల్లోకి, అక్కడ్నుంచి కింద అన్ని గదుల్లోకీ దిగుతుంది. దూరం పెరిగింది కదా అని మీరనుకుంటారు, కాంక్రీటుకి దూరం లెక్క లేదు.

---

తొట్టిస్నానం

అసలు జెట్లు ఎందుకండీ? సీరియస్‌గానే అడుగుతున్నా.

నడుం నొప్పికి హాయినిచ్చేది ఎక్కువ భాగం వేడి, ఇంకా నీళ్లల్లో ఒళ్లు తేలికైపోవడం. జపాన్ వాళ్ల ఒఫురో అలాంటిదే, లోతైన తొట్టి, మెడదాకా నీళ్లు, జెట్లూ లేవు బబుల్సూ లేవు. ముందే ఒళ్లు శుభ్రంగా కడుక్కుని దిగుతారు కాబట్టి నీళ్లు తొందరగా పాడవవు. నేను జెట్లు లేని చెక్క తొట్టి పెట్టించా, హీటరు, చిన్న సర్క్యులేషన్ పంపు, అంతే. రెండూ టైమర్ మీద సాయంత్రం నడిచి నేను దిగే టైంకి ఆగిపోతాయి. దిగాక ఏమీ వినపడదు, చేయి కదిపితే నీళ్ల సౌండ్ తప్ప.

ఒకటే మైనస్, భుజాలకి మసాజ్ లాంటిది కావాలంటే ఇందులో దొరకదు. మా ఆయన ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు.

---

గోడవినికిడి

నా కథ వినండి, డబ్బు కాస్త మిగులుద్ది మీకు.

మేము కొన్నది మంచి టబ్బే, సర్క్యులేషన్ పంపు విడిగా ఉన్నదే. షోరూంలో నిజంగా సైలెంట్. ఇంటికొచ్చాక పెరట్లో నిలబడితే కూడా ఏమీ వినపడలేదు. కానీ లోపల మా గదిలో పడుకుంటే ఊఁ అని ఒకటే రొద, దిండు మీద చెవి ఆన్చితే ఇంకా ఎక్కువ. నేను పంపు పాడైందనుకున్నా, ఇన్‌స్టాల్ చేసినోళ్లని పిలిస్తే వచ్చి బయట నిలబడి సౌండేం లేదు కదా సార్ అని వెళ్లిపోయారు. రెండోసారీ అదే మాట. మూడోసారి ఫోనే ఎత్తలేదు.

చివరికి మా మేస్త్రి కనిపెట్టాడు. స్టీల్ గ్లాసు నిండా నీళ్లు పోసి టబ్ పక్కన నేల మీద పెట్టాడు. పైన నీళ్లు సన్నగా రింగులు రింగులుగా వణుకుతున్నయ్. అదే గ్లాసు పట్టుకొచ్చి మా గది లోపల గోడ పక్కన గచ్చు మీద పెట్టాడు. అక్కడా అదే వణుకు! సంగతేంటంటే టబ్ కోసం పోసిన కాంక్రీటు బెడ్డుని ఇంటి పునాదికి కలిపేసి పోశారు, అక్కడ వణికితే ఇక్కడ వణకక ఏం చేస్తుంది. గాల్లో వచ్చే సౌండ్ కాదది, నేలలోంచి పాకొచ్చే సౌండ్. కిటికీలు మార్చినా కర్టెన్లు వేసినా తగ్గదు. మేం కర్టెన్లు కూడా కొన్నాం లెండి.

ఏం చేశామంటే ఇంటి పునాదికీ బెడ్డుకీ మధ్య కట్టర్‌తో రెండు మూడు సెంటీమీటర్ల సందు కోయించి అందులో మెత్తటి ఫోమ్ పట్టీ దోపించాం, పైనుంచి నీళ్లు దిగకుండా సీలెంట్ పూయించాం. టబ్ ఖాళీ చేసి పక్కకి జరిపి కింద మొత్తం రబ్బరు మ్యాట్ పరిచాం, అటూ ఇటూ నాలుగు మూలల్లో ముక్కలు కాదు, అడుగు మొత్తానికి. మూలల్లో మాత్రమే పెడితే బరువంతా వాటి మీదే పడి తొట్టి అడుగు వంగుతుందని చెప్పారు. పంపు కాళ్ల కింద కూడా రబ్బరు వాషర్లు వేసి బోల్టులు కాస్త వదులుగా బిగించారు. ఆ రాత్రి గ్లాసు మళ్లీ గదిలో పెట్టా. నీళ్లు అద్దంలా ఉన్నయ్.

మొదట్లోనే చేయించుంటే ఒక పూట పని. తర్వాత చేయించబట్టి నాలుగు రోజులు, ఇంకా 1200 లీటర్ల నీళ్లు పారబోత.

---

నడుంనొప్పి

అబ్బా, అందరికీ చాలా థాంక్స్. మేడ మీద ఐడియా ఈ క్షణమే మానేశా. గోడవినికిడి గారూ మీ గ్లాసు టెస్ట్ అదిరింది.

రెండు డౌట్లు ఇంకా. సౌండ్‌ప్రూఫ్ డబ్బా గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, రాత్రిళ్లు ఫిల్టర్, హీటర్ మొత్తం టైమర్‌తో ఆపేసి పొద్దున ఆన్ చేస్తే సరిపోదా, అసలు గొడవే ఉండదు కదా? అన్నట్టు టబ్ వస్తోందని తెలిశాక అమ్మ కూడా కూర్చుంటానంటోంది, ఆమెకి బీపీ ఉంది, పర్లేదా?

---

పాతమోటారు

డబ్బా సంగతి. కోడిగుడ్ల అట్టల్లాంటి ఫోమ్ షీట్లు అతికించేసి సౌండ్‌ప్రూఫ్ అంటారు చూడు, వాటితో ఒరిగేదేం లేదు. అవి కీచుమనే సౌండ్‌ని కాస్త మింగుతయ్ గానీ మోటారు గుంయ్‌మనే దాన్ని ఆపాలంటే బరువు కావాలి, ఇటుక గోడ లాంటిది. ఇంకా సందులు ఉండకూడదు. కానీ సందులు లేకుండా మూసేస్తే మోటారుకి ఊపిరాడదు, వేడెక్కి ట్రిప్ అవుద్ది, కొన్నాళ్లకి కాలిపోద్ది. గాలి రకం యూనిట్‌ని చెక్కపెట్టెలో పెట్టి కాల్చుకున్నోళ్లని చూశా నేను. అడ్డం కావాలంటే పంపు ఉన్న వైపుకీ కిటికీకీ మధ్య ఒక ఇటుక గోడ మనిషి ఎత్తు లేపుకో, గాలి పైనుంచి, పక్కల నుంచి ఆడుద్ది. అది కూడా అవసరమైతేనే. ముందు టబ్‌ని తిప్పి పెట్టు, పంపు ప్యానెల్ ఉన్న వైపు అమ్మ గదికీ పక్కింటికీ ఎదురుగా రాకుండా. కానీ ఆ ప్యానెల్ ముందు మనిషి కూర్చుని రిపేరు చేసుకునేంత జాగా వదులు, లేకపోతే నాలాంటోడు వచ్చినప్పుడు తిట్టుకుంటాడు.

కొత్తలో సైలెంట్‌గా ఉండి తర్వాత మోత మొదలైతే భయపడకు, సౌండ్‌ని బట్టి రోగం చెప్పొచ్చు. నీళ్లు మార్చిన వెంటనే పంపు గడగడ అంటూ జెట్లు కొట్టకపోతే ఎయిర్ పట్టింది. ఈసారి పైపుని తొట్లో పడేయకుండా ఫిల్టర్ గూట్లో పెట్టి నింపు, పంపు లైన్లోంచి గాలి బయటికి పోద్ది. లోపల గులకరాళ్లు తిరుగుతున్నట్టు సౌండ్ వస్తే నీళ్లు చాలక కొట్టుకుంటోంది, ముందు ఫిల్టర్ తీసి చూడు, మట్టి పట్టి ఉంటది. కీచుమని అరుస్తుంటే బేరింగు. పొడుగు స్క్రూడ్రైవర్ కొన మోటారు బాడీకి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే ఏ వైపు బేరింగు పోయిందో తెలిసిపోద్ది, తిరిగే చోటికి మాత్రం దూరంగా ఉండు. బేరింగు మారిస్తే చాలు, పంపు మొత్తం మార్చాలి అనేవాణ్ణి నమ్మకు. కాకపోతే సీలు కూడా మార్పించు, సీలు కారడం వల్లే బేరింగు పోయుంటది చాలాసార్లు.

---

లెక్కలపిచ్చి

రాత్రి మొత్తం ఆపేయడం గురించి. టైమర్‌తో ఫిల్టర్ ఆపినా చాలా టబ్బుల్లో మామూలు మోడ్‌లో ఉంటే నీళ్లు సెట్ చేసిన వేడి కంటే కాస్త తగ్గగానే హీటరు దానంతటదే ఆన్ అవుతుంది, హీటర్‌లోంచి నీళ్లు పారాలి కాబట్టి పంపు కూడా లేస్తుంది. మీరేమో ఆపేశా అనుకుంటారు. ఎకానమీ మోడ్ లాంటిది ఉన్నది చూసుకోండి, అందులో ఫిల్టర్ నడిచే టైంలోనే హీటర్ వెలుగుతుంది. ఫిల్టర్ టైమింగ్ పగలు, సాయంత్రం పెట్టుకుంటే రాత్రి నిశ్శబ్దం.

అలా కుదరాలంటే వేడి నిలబడాలి. ఇక్కడ చాలామందికి తట్టని పాయింట్ ఒకటి ఉంది. మూత ఎంత మందంగా ఉంటే టబ్ అంత సైలెంట్. వేడి పోకపోతే హీటర్ లేవదు, హీటర్ లేవకపోతే పంపు లేవదు. లోపల నీళ్లు పీల్చుకుని బరువెక్కిన పాత మూత వేడిని ఆపలేదు, దాన్ని మార్చేయాల్సిందే.

చల్లారితే మళ్లీ ఎక్కించడానికి ఎంతసేపు అంటే, 1200 లీటర్లు 25 డిగ్రీల నుంచి 39కి రావాలంటే దాదాపు 20 యూనిట్ల కరెంటు. 3 కిలోవాట్ల హీటర్‌తో ఆరున్నర గంటలు, 2 కిలోవాట్లదైతే పది గంటలు, మధ్యలో పోయే వేడి కాకుండానే. అంటే పూర్తిగా ఆర్పేసి రాత్రి పదింటికి కావాలంటే మధ్యాహ్నం నుంచే నడిపించాలి. రోజూ వాడేవాళ్లకి మూత వేసి వేడిగా ఉంచుకోవడమే నయం.

కరెంటు సంగతి కూడా చెప్పేస్తా, ఎవరూ అడగలేదు గానీ. దానికి విడిగా లైను లాగించండి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో కొలిపించండి, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, తప్పనిసరి. స్విచ్ టబ్‌లో కూర్చున్న మనిషి చేతికి అందకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాట ఎత్తొద్దు.

---

రాత్రిడ్యూటీ

నర్సుని, అమ్మగారి ప్రశ్న చూసి ఆగా. బీపీ ఉంటే ముందు వాళ్ల డాక్టర్‌ని అడిగి, వాడే మందుల పేర్లు చెప్పి, ఆ తర్వాతే కూర్చోబెట్టండి. వేడినీళ్లల్లో రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, బీపీ పడుతుంది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఇంకా పడొచ్చు. అసలు ప్రమాదం లోపల కూర్చున్నప్పుడు కాదు, ఒక్కసారిగా లేచి నిలబడినప్పుడు కళ్లు తిరిగి తడి గచ్చు మీద పడటం. డాక్టర్ సరే అంటే కూడా నీళ్లు 40కి బాగా తక్కువగా, కాసేపే, పక్కన మనిషి ఉండగా, పట్టుకోవడానికి కమ్మీ ఉండగా. ఎవరికైనా సరే 40 డిగ్రీలు దాటొద్దు. గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా దిగకూడదు, ఐదేళ్ల లోపు పిల్లల్ని దించొద్దు, మద్యం తాగి ఎవరూ దిగొద్దు.

ఇంకోటి, సౌండ్ అని చెప్పి ఫిల్టరేషన్ గంటలు మరీ కోసేయకండి. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా బాగా పెరిగేది 25 నుంచి 45 డిగ్రీల మధ్యే, అంటే మీ టబ్ ఎప్పుడూ ఉండే వేడి అదే. బబుల్స్‌తో లేచే తుంపర్లు పీల్చితే ఊపిరితిత్తులకి ఎక్కుతుంది, పెద్దవాళ్లకి అది మామూలు జబ్బు కాదు. వేడినీళ్లల్లో క్లోరిన్ తొందరగా ఖర్చయిపోతుంది. కనీసం 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాములు) ఉండాలి, బ్రోమిన్ అయితే కనీసం 4, పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య. టెస్ట్ స్ట్రిప్ ముంచి రంగు చూడటం అర నిమిషం పని, దిగే ముందు ప్రతిసారీ చూడండి. నీళ్లు తళతళలాడుతున్నాయి కదా అని ఊరుకోవద్దు. ఒకసారి ఒంటినిండా ఎర్రటి పొక్కులతో ఒకే ఇంటి నుంచి ముగ్గురొచ్చారు మా వార్డుకి, ముగ్గురూ ముందు రోజు ఒకే టబ్‌లో కూర్చున్నవాళ్లే, నీళ్లు అద్దంలా ఉన్నాయి మేడం అంటారు.

---

తొట్టిస్నానం

జాకూజీ మాట వచ్చింది కాబట్టి, అది కంపెనీ పేరు, ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన అన్నదమ్ముల ఇంటిపేరు. వాళ్లది పంపుల వ్యాపారం. కీళ్లవాతంతో బాధపడే కొడుకు కోసం వాళ్లలో ఒకాయన స్నానం తొట్టిలో పెట్టే పంపు తయారుచేశాడు, 1956లో దాన్నే జె 300 అని అమ్మకానికి తెచ్చారు. అంటే మొదలైందే నొప్పులకి మందుగా, మోత దాంతోపాటే పుట్టింది 😄

ఇంకోమాట, పక్కింటోళ్లు కంప్లైంట్ చేసేది చాలాసార్లు మోటారు గురించి కాదు, మన మాటల గురించి. జెట్లు ఆన్‌లో ఉంటే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. రాత్రి పదకొండింటికి మీ ఆఫీసు ముచ్చట్లన్నీ వీధికి వినపడతాయి.

---

నడుంనొప్పి

కొన్ని వారాల తర్వాత వస్తున్నా, అప్‌డేట్ ఇస్తానని మొహమాటానికి కాదు, నిజంగానే ఈ థ్రెడ్ వల్ల పనయ్యింది.

జెట్లు ఉన్నదే తీసుకున్నా, కానీ సర్క్యులేషన్ పంపు విడిగా ఉన్న ముగ్గురి టబ్. షోరూమోడు మొదట నీళ్లు నింపిన పీస్ లేదన్నాడు, అయితే వద్దులే అని బయటికొచ్చేస్తుంటే ఇంకో బ్రాంచిలో ఉంది సార్ రండి అన్నాడు. చేయి పెట్టి చూశా, జెట్ల పంపు మీద ఉన్నప్పుడు గట్టిగానే జుమ్మంది, ఫిల్టర్ మీద ఉన్నప్పుడు నడుస్తోందా లేదా అని రెండుసార్లు అడిగా.

బెడ్డు 10 సెంటీమీటర్లు, మెష్ వేసి, ఇంటి పునాదికి సందు వదిలి పోయించాం. మేస్త్రి ఈ సందు ఎందుకు సార్ చెత్త పడుద్ది అని ఒకటే గోల, గ్లాసు కథ చెప్పా. కింద మొత్తం రబ్బరు మ్యాట్. పంపు వైపు పెరటి చివరకి తిప్పాం. ఫిల్టర్ పగలు నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు, ఎకానమీ మోడ్.

అమ్మ గదిలో ఫోన్ ముందు 31 చూపించింది. టబ్ ఫిల్టర్ మీద ఉన్నప్పుడు కూడా 31. జెట్లు వేస్తే 38 దాకా పోయింది, అందుకే పదిన్నర దాటాక జెట్లు వేయట్లేదు, గాలి నాబ్ మూసేసి ఊరికే కూర్చుంటున్నా. తొట్టిస్నానం గారు నవ్వుకోవచ్చు, జెట్లు వాడేది వారానికి రెండుసార్లు కూడా లేదు.

డాక్టర్ అమ్మకి 37 డిగ్రీల్లో పది నిమిషాలు అన్నారు. నిన్న కూర్చుంది. దిగగానే అడిగిన మొదటి ప్రశ్న, ఇందాకట్నుంచి ఏదో టిక్కు టిక్కుమంటోంది ఏంట్రా అని. నాకేం వినపడలేదు. ఎవరికైనా తెలుసా, హీటర్ ఆన్ ఆఫ్ అయ్యేటప్పుడు టిక్కుమంటుందా?

---

పాతమోటారు

రిలే అది తమ్ముడూ, హీటర్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్, కంట్రోల్ బాక్స్‌లో ఉంటది. హీటర్ వేసినప్పుడొకటి ఆపినప్పుడొకటి, మామూలే. అదేపనిగా కొట్టుకుంటుంటే మాత్రం లైను ఆపేసి ఎలక్ట్రీషియన్‌తో వైరు బిగింపులు చూపించు. మీ అమ్మగారి చెవులు ఉంటే నాకు స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయేది.